వాల్తేరు స్టేషన్ బయట అరెస్టయిన మౌలానా: ముహమ్మద్ అలీ జౌహర్ జీవితం

1921 సెప్టెంబర్ 14. కలకత్తా వైపు నుంచి మద్రాసు వెళ్లే రైలు వాల్తేరు స్టేషన్‌లో ఆగింది. ఇప్పుడు మనం విశాఖపట్నం జంక్షన్ అంటున్నది ఆ స్టేషన్నే. అప్పటికి ఊళ్లో ఓడరేవు లేదు. ఉక్కు ఫ్యాక్టరీ మాట ఎవరి ఊహలోనూ లేదు. ఉత్తరం నుంచి వచ్చే బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరుతో ఆగిపోయేది, అక్కడి నుంచి మద్రాసు వైపు లైను ఇంకో కంపెనీది. బండి కాసేపు నిలబడుతుంది కాబట్టి స్టేషన్ బయట జనం చేరారు. వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడి వద్దామని ఇద్దరు ప్రయాణికులు దిగి నడుస్తున్నారు. ముందు గాంధీ, కొన్ని అడుగులు వెనకగా మౌలానా ముహమ్మద్ అలీ.

స్టేషన్ గుమ్మం దాటి నాలుగడుగులు వేశారో లేదో వెనక నుంచి మౌలానా గొంతు గట్టిగా వినిపించింది. గాంధీ తిరిగి చూశారు. ఇద్దరు తెల్ల అధికారులు, అరడజను మంది దేశీయ పోలీసులు మౌలానాను చుట్టుముట్టి ఉన్నారు. చేతికిచ్చిన నోటీసును ఆయన గాంధీకి వినపడేలా పైకి చదువుతున్నారు. పూర్తిగా చదవనివ్వలేదు. అధికారి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. మౌలానా నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్లిపోయారు. గాంధీ మాత్రం ఆగకుండా జనం దగ్గరికే వెళ్లి, ఎవరూ ఆవేశపడవద్దని, ప్రశాంతంగా ఉండమని చెప్పారు.

బండిలో మౌలానా భార్య అమ్జదీ బానో బేగం ఉన్నారు. భర్తను చూసి రావడానికి ఆమెను అనుమతించారు. చూసి వచ్చి, కంటతడి పెట్టకుండా గాంధీతో పాటు మద్రాసు ప్రయాణం కొనసాగించారు ఆమె. దారి పొడవునా సభల్లో ఆమె చూపిన నిబ్బరం గురించి గాంధీ తర్వాత తన పత్రికలో ప్రత్యేకంగా రాశారు. వాల్తేరు ఘటన జరిగి వారం గడవగానే, సెప్టెంబర్ 22న మదురైలో గాంధీ చొక్కా, టోపీ వదిలేసి కొల్లాయి కట్టుకున్నారు. చరిత్ర పుస్తకాల్లో మదురై సంగతి అందరికీ గుర్తుంది. వాల్తేరు సంగతి మన ఊరివాళ్లకే సరిగ్గా తెలియదు.

నోటీసులో ఉన్న సెక్షన్లు చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తాయి. రాజద్రోహం కాదు, కుట్ర కాదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 107, 108. అంటే మన పోలీస్ స్టేషన్ల భాషలో బైండోవర్. ఈ మనిషి వల్ల శాంతికి భంగం కలగవచ్చు, కాబట్టి బుద్ధిగా ఉంటానని ముచ్చలికా రాసివ్వాలి, పూచీ చూపాలి, లేకపోతే జైలుకు పోవాలి. నేరం జరిగిందని రుజువు చేయనక్కర్లేదు, జరగవచ్చు అన్న అనుమానం చాలు. ఎన్నికలొచ్చినా, పండగల ఊరేగింపులొచ్చినా నేటికీ మన వీధుల్లో కుర్రాళ్లను తహశీల్దారు ముందుకు తీసుకెళ్లేది ఈ కట్టుబాటు కిందే. 1973 కోడ్‌లోనూ అవి అవే అంకెలతో ఉన్నాయి. 2024 జులై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహితలో 126, 127గా మారాయి, అంతే.

ఇంతకీ ఆ మనిషి ఎవరు? ప్రభుత్వం ఆయన్ను చూసి అంతగా ఎందుకు భయపడింది?

ముహమ్మద్ అలీ 1878 డిసెంబర్ 10న రాంపూర్‌లో పుట్టారు. రాంపూర్ అప్పుడు నవాబు సంస్థానం. తండ్రి అబ్దుల్ అలీ ఖాన్ కలరాతో చిన్న వయసులోనే కన్నుమూశారు. పసివాడికి రెండేళ్లు కూడా నిండలేదు. తల్లి ఆబాదీ బానో బేగం, దేశమంతా తర్వాత బీ అమ్మ అని పిలుచుకున్న ఆమె, చిన్న వయసులోనే వితంతువై పిల్లలను ఒంటిచేత్తో పెంచారు. ఇంగ్లీషు చదువు చదివిస్తే పిల్లలు మతం తప్పిపోతారని ఇంటి పెద్దలు డబ్బివ్వడానికి ఒప్పుకోలేదు. ఆమె గుట్టుగా నగలు తాకట్టు పెట్టి కొడుకులను బరేలీ బడికి పంపారు. ఆ తర్వాత అలీగఢ్. అన్న షౌకత్ అలీ ఉద్యోగం చేస్తూ తమ్ముడి చదువు ఖర్చు భరించాడు. 1898లో ముహమ్మద్ అలీ ఆక్స్‌ఫర్డ్ లింకన్ కాలేజీలో చేరారు. ఐసీఎస్ పరీక్ష తప్పారు, చరిత్రలో ఆనర్స్ పట్టా మాత్రం తెచ్చుకున్నారు. ఐసీఎస్ పాసై ఉంటే ఏ జిల్లాలోనో కలెక్టరుగా కూర్చుని ఇలాంటి నోటీసుల మీద తనే సంతకాలు పెట్టేవారేమో!

ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చూసింది వేరే లోకం. అక్కడి మనిషి తన ప్రభుత్వాన్ని పత్రికలో తిట్టవచ్చు, సభ పెట్టి నిలదీయవచ్చు, ఓటేసి దించవచ్చు. అదే ఇంగ్లండు పాలించే హిందుస్థాన్‌లో ఆ హక్కుల్లో ఒక్కటీ పూర్తిగా లేదు. తిరిగొచ్చి ముందు రాంపూర్‌లో విద్యాశాఖ చూశారు. దర్బారు కుట్రలు తట్టుకోలేక కొద్దికాలానికే బయటపడ్డారు. తర్వాత బరోడా గైక్వాడ్ కొలువులో ఏడెనిమిదేళ్లు పనిచేశారు. నల్లమందు శాఖలో ఉన్నారు, నవ్‌సారీ ప్రాంత పాలన చూశారు. బరోడా మహారాజు శాయాజీరావు బడులు కట్టినవాడు, సంస్కరణలు తెచ్చినవాడు. అయినా అక్కడా జనానికి దక్కేది రాజుగారు ఇచ్చినంతే. మంచి రాజు ఉంటే మంచి, చెడ్డ రాజు వస్తే ఏమీ చేయలేం. పౌరుడు అన్న మాటకు చోటే లేదు, ఉన్నది రయ్యత్. మన తెలుగులో రైతు అన్న మాట కూడా ఆ రయ్యత్ నుంచి వచ్చిందే.

ఉద్యోగం వదిలి 1911 జనవరి 14న కలకత్తాలో కామ్రేడ్ అనే ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టారు. రాజధాని ఢిల్లీకి మారాక పత్రికా అక్కడికే మారింది. 1913లో ఉర్దూలో హమ్‌దర్ద్ వచ్చింది. కామ్రేడ్‌ను తెల్ల దొరలు కూడా ఇష్టంగా చదివేవారు, ఆ ఇంగ్లీషు అంత పదునుగా ఉండేది. ఆ పదునే తర్వాత ముప్పు తెచ్చింది.

1913లో బాల్కన్ యుద్ధాల సమయంలో తుర్కీ ముస్లింల మీద జరుగుతున్న దారుణాల గురించి వచ్చిన ఒక కరపత్రాన్ని ప్రభుత్వం 1910 ప్రెస్ చట్టం కింద జప్తు చేసింది. ముహమ్మద్ అలీ కలకత్తా హైకోర్టుకు వెళ్లారు. ప్రధాన న్యాయమూర్తి సర్ లారెన్స్ జెంకిన్స్ ముందుకు వచ్చిన ఆ కేసు నేటికీ న్యాయవాదులు చదువుకునేదే. ఈ చట్టం మాటలు ఎంత విశాలంగా ఉన్నాయంటే, మంచి సాహిత్యాన్ని కూడా దీని కింద పట్టుకోవచ్చని న్యాయమూర్తే గ్రహించారు. కానీ చేయగలిగింది లేక దరఖాస్తు కొట్టేశారు. ఎందుకంటే చట్టాన్ని కొలవడానికి దాని పైన ఇంకో కొలబద్ద లేదు. ఈ రోజు ఏదైనా చట్టం 19వ అధికరణకు విరుద్ధమని హైకోర్టు కొట్టేసిందంటే మనం పేపర్లో చదివి పక్కన పెట్టేస్తాం. ఆ అధికరణ లేని రోజుల్లో, తప్పు కనిపిస్తున్నా జడ్జి చేతులు ముడుచుకోవాల్సి వచ్చేది.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తుర్కీ ఎటువైపు నిలబడాలన్న విషయం మీద 1914 సెప్టెంబర్‌లో కామ్రేడ్‌లో ఒక పొడవాటి వ్యాసం వచ్చింది. లండన్ టైమ్స్ రాతకు జవాబు అది. ప్రభుత్వం పత్రిక కట్టిన ధరావతును జప్తు చేసింది, కామ్రేడ్ మూతపడింది. 1915 మే నెలలో అలీ సోదరులిద్దరినీ నిర్బంధించారు. ముందు మెహ్రౌలీ, తర్వాత లాన్స్‌డౌన్, ఆపైన ఛింద్వాడా. ఈసారి కోర్టు లేదు, అభియోగం లేదు, వకీలు లేడు. డిఫెన్స్ ఆఫ్ ఇండియా చట్టం ఉంది, ఒక ఆర్డరు ఉంది. నాలుగున్నరేళ్లు అలాగే గడిచాయి. మధ్యలో 1917లో ఒక హామీపత్రం మీద సంతకం పెడితే వదిలేస్తామన్నారు. ఇస్లాం పట్ల మా విధేయతకు భంగం లేకుండా అన్న షరతు చేర్చి సోదరులు సంతకం పెట్టారు. ఆ ఒక్క షరతు మింగుడుపడక ప్రభుత్వం వదల్లేదు.

అదే ఏడాది డిసెంబర్‌లో కలకత్తాలో జరిగిన ముస్లిం లీగ్ మహాసభకు నిర్బంధంలో ఉన్న ముహమ్మద్ అలీనే అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. అధ్యక్ష పీఠం మీద ఆయన ఫోటో పెట్టారు. ఆయన బదులు బీ అమ్మ వచ్చి, బురఖాలోంచే ఆ సభతో మాట్లాడారు. పర్దా పాటించే ఒక ముసలమ్మ అంత పెద్ద సభను ఉద్దేశించి మాట్లాడటం అప్పటికి ఎవరూ చూడలేదు. 1919 డిసెంబర్‌లో విడుదలైన సోదరులు ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా అమృత్‌సర్ కాంగ్రెస్‌కు చేరుకున్నారు. జలియన్‌వాలా బాగ్ గాయం ఇంకా పచ్చిగా ఉన్న ఊరు అది.

1920లో ఖిలాఫత్ ప్రతినిధి బృందంతో లండన్ వెళ్లి ప్రధాని లాయిడ్ జార్జ్‌ను కలిశారు. వట్టి చేతులతో తిరిగొచ్చారు. అక్టోబర్ 29న అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది, దానికి మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. తను చదివిన కాలేజీ ప్రభుత్వ గ్రాంటు వదులుకోదని తెలిశాక, ఆ కాలేజీ పక్కనే డేరాలు వేసి కొత్త చదువు మొదలుపెట్టించిన మొండివాడు ఆయన.

1921 జులైలో కరాచీలో ఖిలాఫత్ మహాసభ జరిగింది. ముహమ్మద్ అలీ అధ్యక్షుడు. బ్రిటిష్ సైన్యంలో ఉద్యోగం చేయడం ముస్లింలకు హరామ్ అని సభ తీర్మానించింది. ప్రభుత్వానికి నిజంగా గుండెలో రాయి పడింది అప్పుడే. పత్రికలు, ఊరేగింపులు ఎన్నయినా భరించవచ్చు, సిపాయి తుపాకీ దించితే రాజ్యం ఎలా నిలుస్తుంది? ఆగస్టు 20న మలబార్‌లో మాప్పిళాల తిరుగుబాటు మొదలైంది. అక్కడికి వెళ్లి శాంతి కుదర్చాలని గాంధీ, మౌలానా మద్రాసు బండి ఎక్కారు. దారిలో వాల్తేరు వచ్చింది.

ఇక్కడ ఒక విషయం ఆగి చూడాలి. 1921 నాటికి మద్రాసు రాష్ట్రంలో ఎన్నికైన మంత్రులున్నారు. 1919 సంస్కరణల తర్వాత జస్టిస్ పార్టీ గెలిచింది. ఆ జులైలోనే పానగల్ రాజా, మన తెలుగువాడైన పానగంటి రామరాయణింగారు, మొదటి మంత్రి అయ్యారు. కాబట్టి వాల్తేరులో మౌలానాను పట్టుకున్న పోలీసులు ఆ మంత్రుల పోలీసులేనా? కాదు. చదువు, వైద్యం, స్థానిక సంస్థల వంటివి మంత్రులకిచ్చి, పోలీసు, శాంతిభద్రతలు, ఖజానా గవర్నర్ తన దగ్గరే పెట్టుకున్నాడు. ద్వంద్వ పాలన అని బళ్లో చదువుకున్నది ఇదే. ఓటు ఉన్నది ఆస్తి, పన్ను ఉన్న కొద్దిమందికి. ముస్లింలకు వేరే నియోజకవర్గాలు. ఓటేసి గెలిపించిన మనిషికి లాఠీ మీద అధికారం లేదు, లాఠీ పట్టినవాడికి ఓటుతో పని లేదు.

విశాఖ జిల్లాలోనే ఇంకో రాజ్యాంగం కూడా నడిచేది. కొండల మీది ఏజెన్సీకి 1839 నుంచే మామూలు చట్టాలు వర్తించవు, కలెక్టరే గవర్నర్ ఏజెంటు. మౌలానాకు ఒక నోటీసైనా ఇచ్చారు, కొండవాడికి అదీ లేదు. ఏడాది తిరక్కుండా 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యంలో పోలీస్ స్టేషన్ల మీద పడింది ఆ నేపథ్యంలోనే.

వాల్తేరులో పెట్టిన బైండోవర్ కేసు ఎక్కువ రోజులు నడవలేదు. కరాచీ వారెంటు వచ్చేవరకు చేతిలో ఉంచుకోవడానికే అది. కొద్ది రోజుల్లో ఆ కేసు వదిలేసి, కరాచీ కేసు కింద మళ్లీ పట్టుకుని అటు తరలించారు. షౌకత్ అలీని బొంబాయిలో అరెస్టు చేశారు. డాక్టర్ సైఫుద్దీన్ కిచ్లూ, మౌలానా హుస్సేన్ అహ్మద్ మదనీ, పీర్ గులామ్ ముజద్దిద్, మౌల్వీ నిసార్ అహ్మద్, వీళ్లతో పాటు శారదా పీఠం శంకరాచార్య భారతీ కృష్ణ తీర్థ కూడా ముద్దాయి. ఖిలాఫత్ కేసులో ఒక శంకరాచార్యుడు బోనులో నిలబడ్డాడంటే ఈ రోజు పిల్లలు నమ్మరు.

కరాచీలో ఖాలిఖ్‌దీనా హాల్లో విచారణ జరిగింది. మౌలానా వకీలును పెట్టుకోలేదు. తనే లేచి గంటలకు గంటలు మాట్లాడారు. ఆయన వాదనలో ముఖ్యమైనది ఒకటుంది. 1858లో విక్టోరియా రాణి ప్రకటనలో మీ మతం జోలికి రామని హామీ ఇచ్చారు. ముస్లిం సాటి ముస్లింను చంపకూడదన్నది మా మతం. అది చెప్పడం నేరమైతే మీ రాణి మాట అబద్ధం, రాణి మాట నిజమైతే ఈ కేసు అబద్ధం. ఆలోచిస్తే ఇందులో ఆయన తెలివే కాదు, ఇరుకు కూడా కనిపిస్తుంది. హక్కు అడగడానికి ఆయన చేతిలో ఉన్న కాగితం ఒక రాణి దయతో చెప్పిన మాట మాత్రమే. 25వ అధికరణ లాంటిది లేదు.

అయినా ఆ కోర్టులో ఒక మంచి ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. జ్యూరీ ఉంది. సైన్యాన్ని చెడగొట్టడానికి కుట్ర చేశారన్న పెద్ద నేరంలో జ్యూరీ వాళ్లను నిర్దోషులంది. మిగతా సెక్షన్ల కింద 1921 నవంబర్ 1న ఆరుగురికి రెండేళ్ల కఠిన శిక్ష పడింది, శంకరాచార్యులను వదిలేశారు. ఛింద్వాడాలో విచారణ లేకుండా నాలుగున్నరేళ్లు ఉంచిన ప్రభుత్వం కూడా ఇదే, కరాచీలో నోరు విప్పి మాట్లాడనిచ్చిన ప్రభుత్వం కూడా ఇదే. కోర్టు గడప దాకా తీసుకెళ్లాలా వద్దా అన్నది మాత్రం దాని ఇష్టం.

తీర్పు రాకముందే దేశం జవాబిచ్చింది. అక్టోబర్ మొదటి వారంలో గాంధీతో సహా నలభై మందికి పైగా నాయకులు బొంబాయిలో ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. ప్రభుత్వానికి సైనికుడిగా గానీ ఉద్యోగిగా గానీ పనిచేయడం తప్పని చెప్పే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందన్నారు. ఆ తర్వాత కరాచీ తీర్మానాన్ని ఊరూరా సభల్లో చదివారు. ఒక్కడు అంటే నేరం, వేలమంది అంటే ఎవరిని పట్టుకుంటారు? బీ అమ్మ కొడుకుల కోసం ఏడవకుండా ఊళ్లు తిరిగారు. ఆమె పేరు మీద కట్టిన ఉర్దూ పాట వీధుల్లో పిల్లల నోళ్లలో ఆడింది.

1923 ఆగస్టులో విడుదలయ్యేసరికి లోకం మారిపోయింది. చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమం ఆపేసి తనే జైల్లో ఉన్నారు. హిందూ ముస్లిం గొడవలు మొదలయ్యాయి. ఆ స్థితిలో కాంగ్రెస్ తన వార్షిక మహాసభకు మౌలానానే అధ్యక్షుడిగా ఎన్నుకుంది. సభ ఎక్కడంటే మన కాకినాడలో. 1923 డిసెంబర్ చివరి వారం. రెండేళ్ల కింద తెలుగు నేల మీద పోలీసులు చెయ్యి పట్టుకుని లాక్కుపోయిన మనిషి, మళ్లీ అదే తీరానికి దేశ జాతీయ సంస్థ అధ్యక్షుడిగా వచ్చారు. కొండా వెంకటప్పయ్య, బులుసు సాంబమూర్తి వంటివారు ఏర్పాట్లు చూశారు. పద్నాలుగేళ్ల దుర్గాబాయి వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర ఆపింది అక్కడే.

మౌలానా అధ్యక్షోపన్యాసం చాలా పొడుగు, పుస్తకమంత. అందులో ఆయన తన సొంత జమాత్ గతాన్ని కూడా వదల్లేదు. 1906లో వేరే నియోజకవర్గాలు అడగడానికి సిమ్లా వెళ్లిన ముస్లిం ప్రతినిధి బృందం, పైవారి సైగ మీద ఆడిన ఆట అని చెప్పారు. లీగ్ స్థాపన సభలో తనూ ఉన్న మనిషి ఈ మాట అనడం చిన్న విషయం కాదు. చిత్తరంజన్ దాస్ బెంగాల్‌లో హిందూ ముస్లింల వాటాల మీద కుదిర్చిన ఒప్పందాన్ని మాత్రం కాకినాడ సభ తిరస్కరించింది. ఉద్యోగాల్లో, చట్టసభల్లో ఎవరి వాటా ఎంతన్న లెక్క అప్పుడు తేలలేదు, మౌలానా చనిపోయేవరకూ తేలలేదు. వెనుకబడ్డ ముస్లింలకు ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ మీద సుప్రీంకోర్టు తలుపు తట్టిన మన రాష్ట్రాలకు ఆ లెక్క కొత్తది కాదు.

నెహ్రూను పట్టుబట్టి కాంగ్రెస్ కార్యదర్శిని చేసింది మౌలానానే. తీర్మానాల్లో ఎక్కడో ఒకచోట దేవుడి ప్రస్తావన చేర్చాలని ఆయన చూసేవారట, నెహ్రూ అభ్యంతరం చెబితే కేకలేసేవారట. అయినా ఇద్దరూ ఒకరినొకరు వదులుకోలేదు. 1924 సెప్టెంబర్‌లో మతఘర్షణలకు ప్రాయశ్చిత్తంగా గాంధీ 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టింది ఢిల్లీలో మౌలానా ఇంట్లోనే. అది ముగిశాక మౌలానా కసాయి దగ్గర ఒక ఆవును కొని గాంధీకి కానుకగా ఇచ్చారు. ఆ ఏడాది నవంబర్‌లో బీ అమ్మ కన్నుమూశారు. అదే ఏడాది జబ్బుతో కూతురూ పోయింది. మార్చిలోనే తుర్కీ తనకు తానుగా ఖిలాఫత్‌ను రద్దు చేసుకుంది. దేని కోసం జైళ్లు తిరిగారో అదే లేకుండా పోయింది.

ఆయన జీవితంలో ఎక్కువమంది దాటేసే ఘట్టం 1926లోది. ఇబ్నె సవూద్ హిజాజ్‌ను గెలుచుకుని ఆ జనవరిలో తనను తాను రాజుగా ప్రకటించుకున్నాడు. వేసవిలో మక్కాలో ప్రపంచ ముస్లింల సభ పెట్టాడు. సులైమాన్ నద్వీ నాయకత్వంలో వెళ్లిన హిందుస్థానీ బృందంలో అలీ సోదరులున్నారు. అక్కడ ముహమ్మద్ అలీ రాజు ముందే రాచరికాన్ని ప్రశ్నించారు. మక్కా, మదీనా ఒక కుటుంబం సొత్తు కావద్దని, హిజాజ్‌లో ప్రజలు ఎన్నుకునే ప్రభుత్వం ఉండాలని, వారసత్వ రాజరికం ఇస్లాం నేర్పింది కాదని వాదించారు. ఎవరూ వినలేదు. కానీ వైస్రాయ్‌ను ఏ ప్రశ్న అడిగారో ముస్లిం రాజును కూడా అదే ప్రశ్న అడిగినవాడు ఆయన. మనవాళ్లు రాజైతే చాలు అనుకునేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఆయన వాళ్లలో లేరు.

చివరి సంవత్సరాలు నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారు, కారణం లేకపోలేదు. 1928 నెహ్రూ రిపోర్టు ముస్లిం ప్రాతినిధ్యాన్ని తగ్గించిందని, పూర్తి స్వాతంత్ర్యం బదులు డొమినియన్ హోదాతో సరిపెట్టిందని కాంగ్రెస్‌కు దూరమయ్యారు. బాల్య వివాహాలను ఆపే శారదా చట్టాన్ని షరీఅత్‌లో జోక్యమని వ్యతిరేకించారు. ఆడపిల్ల హక్కు వైపు నుంచి ఆయన అప్పుడు చూడలేకపోయారు. నగలు తాకట్టు పెట్టి తనను చదివించిన తల్లి కొడుకు అలా ఆలోచించడం బాధ కలిగిస్తుంది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో చేరవద్దని ముస్లింలకు చెప్పారు. పాత మిత్రులు కాంగ్రెస్ వైపే ఉండిపోయారు, ఆయన ఒంటరయ్యారు. షుగర్ జబ్బు ఒళ్లంతా తినేసింది.

ఆ ఒంటితోనే 1930 చివర్లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ బయలుదేరారు. స్ట్రెచర్ మీద ఓడెక్కించారని చెబుతారు. వెంట అమ్జదీ బేగం ఉన్నారు. నవంబర్ 19న సమావేశంలో మాట్లాడారు. స్వాతంత్ర్యం చేతిలో పెట్టకపోతే బానిస దేశానికి తిరిగి వెళ్లనని, పరాయిదైనా సరే స్వేచ్ఛ ఉన్న దేశంలోనే చావడం మేలని, ఇండియాకు స్వేచ్ఛ ఇవ్వకపోతే తనకు ఇక్కడ సమాధి ఇవ్వాల్సి ఉంటుందని బ్రిటిష్ ప్రభుత్వానికి ముఖం మీదే చెప్పారు. ఇది ఉపన్యాసంలో ఊపు కోసం అన్నదిగా విన్నవాళ్లు అనుకుని ఉండవచ్చు. ఏడు వారాలు తిరక్కముందే, 1931 జనవరి 4న లండన్‌లోనే ఆయన కన్నుమూశారు. వయసు 52.

జెరూసలేం ముఫ్తీ అమీన్ అల్ హుస్సైనీ కబురు పంపారు. జనవరి 23న బైతుల్ ముఖద్దస్‌లో, హరం షరీఫ్ పడమటి గోడ ఆనుకుని ఉన్న ఒక పాత మదర్సా గదిలో మౌలానాను ఖననం చేశారు. జనాజాకు పాలస్తీనా నలుమూలల నుంచి జనం వచ్చారు. ఆ ఊరు కూడా అప్పటికి స్వేచ్ఛ ఉన్న ఊరు కాదు. నానాజాతి సమితి ఇచ్చిన మాండేటు కింద 1948 దాకా దాన్ని బ్రిటిష్ వాళ్లే పాలించారు.